అంకెలు చెప్పిన సాక్షి

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను కలిసినప్పుడల్లా పెద్ద హీరోల సినిమాల గురించే అడుగుతుంటారు. ఎవరి గొంతు ఎలా ఉండేది, ఎవరు డబ్బింగ్‌కు రాకుండా సతాయించేవాళ్ళు, ఇలాంటివి. నేను సినిమాల్లో సౌండ్ పని చేసి రిటైరైన మనిషిని. కళ్ళతో చూసినవాటికంటే చెవులతో విన్నవే నాకు ఎక్కువ గుర్తు. అలా చూస్తే నా ఉద్యోగం మొత్తంలో మీకు చెప్పదగిన రోజు ఒకటుంది. అది మీలో ఎవరూ చూసి ఉండని సినిమాకు సంబంధించింది. చూడకపోవడంలో మీ తప్పేమీ లేదు. అది ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో దాని నిర్మాతకే సరిగ్గా తెలియదు.

అది కౌబాయ్ సినిమా. టోపీ, గుర్రం, నడుముకు తుపాకీ, బడ్జెట్ తప్ప అన్నీ ఉన్నాయి. తండ్రిని చంపినవాణ్ణి వెతుక్కుంటూ ఒక తుపాకీ వీరుడు పేరులేని ఊరికి వస్తాడు. చంపింది ఆ ఊరి పెత్తందారు. దొరికినా వీరుడు వాణ్ణి కాల్చడు. ఊరంతటి ముందు నిజం బయటపడాలంటాడు. చివర్లో సారా దుకాణం ఊడ్చే ఒక ముసలివాడు ముందుకొచ్చి, తను చూసిన హత్య గురించి సాక్ష్యం చెబుతాడు. దాంతో పెత్తందారు కథ ముగుస్తుంది. మా డైరెక్టర్‌కు ఆ సీను మీదే ప్రాణం. “ఆఖరి గుండు తుపాకీలోంచి రాకూడదండీ, సాక్షి నోట్లోంచి రావాలండీ” అని టీ తాగిన ప్రతిసారీ చెప్పేవాడు. ఆయనది గోదావరి వైపు. మెత్తని మనిషి.

నిర్మాత మహబూబాబాద్‌లో, అంటే మావాళ్ళు మానుకోట అనే ఊళ్ళో, మిర్చి టోకు వ్యాపారి. హీరో ఆయన బామ్మర్ది. ఈ రెండు వాక్యాలకూ ఉన్న సంబంధం మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ అబ్బాయికి గుర్రమంటే భయం. గుర్రానికి మాత్రం అతని మీద ఏ అభిప్రాయమూ లేదు. అది జనగామలో పెళ్ళి బరాత్‌లకు వెళ్ళే తెల్లగుర్రం. దాని మీది తళుకుబట్టలు తీసేసి, ఒంటికి ఎర్రమట్టి పూసి, మా ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు కౌబాయ్ గుర్రాన్ని తయారుచేశారు. కాళ్ళ గజ్జెలు మాత్రం తీయడానికి యజమాని ఒప్పుకోలేదు. అవి లేకపోతే అడుగు వెయ్యదట. ఆ గజ్జెల చప్పుడు మైకులో పడకుండా చూసుకోవడంతోనే నాకు సగం రోజు గడిచిపోయేది.

తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులవి. ఏ పూట ఏ రోడ్డు మూస్తారో, ఏ రైలు ఆగుతుందో చూసుకుని షెడ్యూలు వేసుకునేవాళ్ళం. ఎడారి కోసం జనగామ నుంచి బచ్చన్నపేట వెళ్ళే వైపు ఒక రాళ్ళ బీడు తీసుకున్నాం. ప్లైవుడ్‌తో అక్కడొక ఊరు లేచింది. అన్నీ ముందు గోడలే, వెనక ఏమీ ఉండదు. టీ పోసే ఆయన దాన్ని చాలాసేపు చూసి, “కౌబాయ్‌ల ఊరు గిట్లనే ఉంటదా సార్?” అని అడిగాడు. దాదాపు ఇలాగే అన్నాను. “మరి గాళ్ళకు ఒక చెరువు తవ్వుకునే తెలివి లేకపాయెనా?” అన్నాడు. 

అడవి సీన్ల కోసం భూపాలపల్లి వైపు వెళ్ళినప్పుడు ఇంకో సంగతి జరిగింది. జీపు నిండా డమ్మీ తుపాకులు వేసుకుని నక్సలైట్ల కోసం గాలింపు నడిచే ఆ రోడ్డు మీద పోకూడదన్న బుద్ధి మాలో ఎవరికీ పుట్టలేదు. పోలీసులు ఆపారు. ఆపకపోతేనే ఆశ్చర్యపోవాలి. అక్కడి ఎస్సై ఒక తుపాకీ తీసి బరువు చూసి, అది చెక్క అని తెలిశాక కాస్త నిరాశపడ్డట్టే కనిపించాడు. “ఈ సినిమాల పోలీసులు మంచోళ్ళా, చెడ్డోళ్ళా?” అని అడిగాడు. “ఈ కథలో పోలీసులే లేరండీ, అందుకే మా హీరో రావలసి వచ్చింది” అన్నాడు డైరెక్టర్. ఎస్సై నవ్వకుండా మమ్మల్ని మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, అన్నం పెట్టించి పంపాడు.

ఇక ముసలివాడి వేషం. దానికి డోర్నకల్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. పట్టాల మీద పనిచేసేవాళ్ళకు రైలు వస్తోందని దూరం నుంచి కేక వేసి వేసి ఆయన గొంతు సాగింది. ఏటా క్రిస్మస్‌కు వాళ్ళ చర్చి నాటకంలో హేరోదు రాజు వేషం ఆయనదేనట. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటిసారి ఆ గొంతు విన్నప్పుడు మీటరు వైపు చూడటం మరిచిపోయాను. గరుకుగా, నిదానంగా, ఎవరినీ తొందరపెట్టని గొంతు.

ఆయన ఒప్పుకోవడానికి ఒక్కటే షరతు పెట్టాడు. డైరెక్టర్ ముందు చేతులు కట్టుకుని నిలబడే చెప్పాడు గానీ, మాట మాత్రం ఖరాఖండిగా ఉంది.

“సారూ, మొకం నాదైతే గొంతు గూడ నాదే ఉండాలె.”

ఎందుకంటే అంతకుముందు ఒక సినిమాలో ఆయన పనివాడి వేషం వేశాడు. డోర్నకల్‌లో తెలిసినవాళ్ళందరినీ వెంటబెట్టుకుని చూడటానికి వెళ్ళాడు. తెర మీద ఆయన నోరు తెరిస్తే ఇంకెవరిదో కీచుగొంతు వచ్చింది, తెలంగాణ మాటను వెక్కిరించే గొంతు. “హాలంత నవ్విండ్రు సార్. నా పక్కన కూసున్నోళ్ళు గూడ నవ్విండ్రు. నేను గూడ నవ్విన, ఏం జేస్త? మా ఇంటామె మాత్రం నవ్వలే. ఇంటికొచ్చినంక గా ముచ్చటే తియ్యలే” అన్నాడు నాతో. ఆ కీచుగొంతు ఎవరిదో నాకు తెలుసు. చాలా పనిమంతుడైన డబ్బింగ్ ఆర్టిస్టు, నాకు స్నేహితుడు. ఆ మాట పెద్దాయనకు చెప్పలేదు.

డైరెక్టర్ షరతుకు ఒప్పుకున్నాడు. సాక్ష్యం డైలాగు స్క్రిప్టులో పుస్తకాల భాషలో ఉంటే, పెద్దాయన దాన్ని తన మాటల్లోకి మార్చుకున్నాడు. ఖాళీ దొరికితే చాలు, సెట్టు వెనక రాళ్ళ మధ్య తిరుగుతూ “గీయనే. నా కండ్లతోని చూసిన” అని మొదలుపెట్టి వల్లె వేసుకునేవాడు. నేను దూరం నుంచి విని మైకు ఎంత ఎత్తులో పెట్టాలో ఆలోచించుకునేవాణ్ణి.

ఇక్కడ మీకు మా పనిలోని ఒక పాత అలవాటు చెప్పాలి. షూటింగ్‌లో రికార్డు చేసేది పైలట్ ట్రాక్. ఎవరు ఎక్కడ నోరు కదిపారో డబ్బింగ్‌లో తెలియడానికి తప్ప అది సినిమాలోకి వెళ్ళదు. అందుకని డైలాగు నోటికి రాని చిన్న నటుల చేత అంకెలు చెప్పించేవాళ్ళం. ఒకటి, రెండు, మూడు అంటూ ఏడవమంటే ఏడుస్తారు, కోప్పడమంటే కోప్పడతారు. తర్వాత డబ్బింగ్ థియేటర్లో ఇంకెవరో ఆ పెదాలకు సరిపోయే మాటలు అతికిస్తారు. అలా అంకెలతోనే అమ్మవారికి మొక్కుకున్నవాళ్ళను, శపించినవాళ్ళను నేను చూశాను.

సాక్ష్యం సీను తీసే రోజు వచ్చింది. అప్పటికే బందు వల్ల డీజిల్ దొరక్క జనరేటర్ ఆగిపోయింది. ఎండ ఉన్నంతసేపే పని. మధ్యాహ్నం దాటాక హీరో గుర్రమెక్కి, మొహం గంభీరంగా పెట్టి, ప్లైవుడ్ వీధిలోకి అడుగుపెట్టాడు. సరిగ్గా అప్పుడే రోడ్డు వైపు నుంచి డప్పులు మోగాయి. గులాబీ కండువాలు, జెండాలతో ఊరేగింపు ఒకటి మా వైపే తిరిగింది.

డప్పు వినగానే గుర్రం తన అసలు ఉద్యోగంలో చేరిపోయింది. ముందుకాళ్ళు ఎత్తి, మెడ వంచి, గజ్జెలు ఘల్లుమనిపిస్తూ బరాత్‌లో ఆడినట్టు ఆడింది. దాని మీద తండ్రి హత్యకు పగ తీర్చుకోవడానికి వచ్చిన వీరుడు రెండు చేతులతో జూలు పట్టుకుని “అన్నా, ఆపుర్రి, నేను పడ్త!” అని అరిచాడు. ఊరేగింపు మొత్తం పగలబడి నవ్వింది. కొట్లాటకు వచ్చినవాళ్ళు ముందు డప్పు ఆపి, హీరోను దింపి, తాగడానికి నీళ్ళిచ్చారు. ఆ తర్వాతే కొట్లాటకు దిగారు.

ముందు నిలబడ్డాయన జనగామ కోర్టులో ప్రాక్టీసు చేసే కుర్ర లాయరు. నల్లకోటు చేతిమీద వేసుకుని ఉన్నాడు.

“అన్నా, తుపాకులతోని మాకు పంచాదే లేదు. ఒకటే ముచ్చట జెప్పుర్రి. ఈ సినిమాల చెడ్డోడు ఏ మాట మాట్లాడ్తడు? మంచోడు ఏ మాట మాట్లాడ్తడు?”

డైరెక్టర్ నీళ్ళు నమిలాడు. “అదీ… క్యారెక్టర్‌ని బట్టి అండీ.”

“గదే అడుగుతున్న. ఏ క్యారెక్టర్‌కు ఏది?”

చెప్పక తప్పలేదు. పెత్తందారూ వాడి రౌడీలూ తెలంగాణ యాసలో, హీరో కోస్తా యాసలో. ఇది మా డైరెక్టర్ కనిపెట్టింది కాదు. చాలాకాలంగా సినిమాల్లో నడుస్తున్న ఏర్పాటు. కత్తి పట్టేవాడికీ, నవ్వులపాలయ్యేవాడికీ ఒక యాస, గెలిచేవాడికి ఇంకొకటి. నేనూ తెలంగాణవాణ్ణే, టేకుమట్ల వైపు. మా అమ్మ నన్ను అన్నానికి పిలిచిన మాటలు ముప్పై ఏళ్ళు నా హెడ్‌ఫోన్లలో జోకులుగానే వినిపించాయి. బాధపడ్డావా అని మీరు అడగవచ్చు. పడ్డాను. పడుతూనే లెవెల్స్ సరిచేశాను.

లాయరు హీరో వైపు తిరిగాడు. “తమ్మీ, ఇందాక గుర్రం మీద ఏమన్నవ్? పడ్త అన్నవ్ గద. నువ్వు మానుకోట పోరనివేనా?”

“అవునన్నా.”

“మరి సినిమాల గా మాట ఏంది? ఇంట్ల గూడ గట్లనే మాట్లాడ్తవా?”

“ఇంట్ల గట్ల మాట్లాడితే మా అమ్మ కొడ్తదన్నా” అన్నాడు హీరో నిజాయితీగా. ఆ సినిమా మొత్తంలో అతను సహజంగా చెప్పిన డైలాగు అదొక్కటే.

అప్పుడు పెద్దాయన చీపురు పట్టుకునే ముందుకొచ్చాడు. “బిడ్డా, నాది సాక్షి వేషం. నా సాక్షం నా మాటలనే జెప్త. సార్ ఒప్పుకున్నడు. గదొక్కటి తియ్యనియ్యిర్రి, మీకు దండం పెడ్త” అన్నాడు.

లాయరు నల్లకోటు ఇంకో చేతికి మార్చుకున్నాడు. “కోర్టుల సాక్షి ఎట్ల చెప్తే గట్లనే రాయాలె తాత. గది నీ హక్కు” అన్నాడు. తర్వాత డైరెక్టర్‌తో, సినిమా అంతా ఒకే మాటలో ఉండాలనీ, డైలాగులు తిరగరాస్తామని అక్కడే అందరి ముందు చెప్పాలనీ అన్నాడు. డైరెక్టర్ చెప్పాడు. భయంతో కొంత, నిజంగానే కొంత. ఉద్యమం పిల్లలు జెండాలు రాళ్ళకు ఆనించి, కండువాలు మడిచి జేబుల్లో పెట్టుకుని, మాకు ఎప్పటికీ దొరకనంత జనంగా ప్లైవుడ్ వీధి నిండా నిలబడ్డారు.

అంతా సర్దుకునేసరికి ఎండ రాళ్ళ మీది నుంచి జారిపోతోంది. కెమెరామన్ తొందరపెడుతున్నాడు. డైలాగులన్నీ తిరగరాయాలని ఒప్పుకున్నాక డైరెక్టర్‌కు కొత్త భయం పట్టుకుంది. ఇప్పుడు పెద్దాయన ఒకటి చెబితే, రేపు మార్చిన కథకు అది అతకకపోతే? జనం మళ్ళీ రారు, ఎండ మళ్ళీ రాదు. అలవాటు ప్రకారం నోట్లోంచి వచ్చేసింది.

“పెద్దాయనా, ఇప్పటికి అంకెలు చెప్పెయ్యండి. మాటలు డబ్బింగ్‌లో చూసుకుందాం. మీ గొంతే పెడతాం, నా మాట నమ్మండి.”

పెద్దాయన మొహం వాడిపోయింది. నా వైపు చూశాడు. నేను తల దించుకోలేదు, ఊపనూ లేదు. అది డైరెక్టర్ తేల్చవలసిన విషయం. “సరే తియ్యిర్రి” అన్నాడు చివరికి.

కెమెరా తిరిగింది. పెద్దాయన చీపురు కింద పెట్టి, జనాన్ని దాటుకుని పెత్తందారు ఎదుట నిలబడ్డాడు. “ఒకటి” అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. “రెండు.” ఒక్కో అంకెకు మధ్య ఎంతో జరుగుతోంది ఆయన మొహంలో. మూడు దగ్గర గొంతు వణికింది. నాలుగు దగ్గర పెదాలు బిగిశాయి. వెనక నిలబడ్డ వందల మంది కిక్కురుమనలేదు. అయిదు అన్నప్పుడు ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడు నా చెవుల్లో పడింది. “ఆరు” అని చెయ్యెత్తి పెత్తందారు వైపు వేలు చూపించి ఆగిపోయాడు. కట్ చెప్పాల్సిన డైరెక్టర్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. నా హెడ్‌ఫోన్లలో గాలి, ఎక్కడో గుర్రం కాలు మార్చుకుంటే మోగిన ఒక గజ్జె, అంతే.

ఆరు దగ్గరే ఎందుకు ఆగారని తర్వాత అడిగాను. “నా సాక్షం ఆరు ముక్కలు సార్. పైకి లెక్క వెట్టిన, లోపట ముక్క ముక్క చెప్పుకున్న” అన్నాడు.

డబ్బింగ్ హైదరాబాద్‌లో. విడుదలకు హాళ్ళు దొరికే వారం ఒకటే ఉంది కాబట్టి తేదీ కదిలేది కాదు. ఈలోగా సమ్మె వచ్చింది, బస్సులు ఆగాయి, రైళ్ళూ ఆగాయి. పెద్దాయన డోర్నకల్ నుంచి ఫోన్ చేశాడు. “నేను ఎక్కి రావల్సిన రైలును మేమే ఆపినం సార్. పట్టాల మీద కూసోని మాట్లాడ్తున్న. ఇప్పుడు నాకోసం ఒక్క రైలు పోనియ్యిర్రి అంటే బాగుండదు గద” అన్నాడు. తర్వాత, “ఎవలతోనన్న చెప్పించుకోర్రి. ఏం జేస్తం” అన్నాడు. ఆ రెండో మాటలో గొంతు పడిపోయింది. నా పనిలో అలాంటివి తెలియకుండా ఉండవు.

నిర్మాత డబ్బింగ్ ఆర్టిస్టును పిలిపించాడు. వచ్చింది మా స్నేహితుడే, ఆ కీచుగొంతు ఆయనే. తెర మీద సీను వేశాం. డబ్బింగ్ వాళ్ళకు మొహాలు గుర్తుండవు, పెదాలు గుర్తుంటాయి. ఆయన చూస్తూనే, “ఈయనకి నేను ఇంతకుముందొకసారి చెప్పాను కదండీ?” అన్నాడు. అవునన్నాను. కొత్తగా రాసిన సాక్ష్యం చదివాడు, రెండుసార్లు చెప్పాడు. పెదాలకు సరిపోయింది, తప్పు పట్టడానికేమీ లేదు. అయినా హెడ్‌ఫోన్లు తీసి, “అప్పట్లో ఈయన అసలు గొంతు నేను వినలేదు. ఒకసారి పైలట్ వినిపించండి” అన్నాడు.

వినిపించాను. ఒకటి నుంచి ఆరు దాకా. అయ్యాక ఇంకోసారి వేయించుకుని విన్నాడు. చివరికి మామూలుగా అడిగాడు.

“తుపాకీ దెబ్బలు లెక్కపెడుతున్నాడా అండీ?”

చదివిన ఆ నాలుగు మాటలు తప్ప ఆయనకు కథ తెలియదు. షూటింగ్‌లో ఏం జరిగిందీ తెలియదు. మా అంకెల అలవాటు తెలిసినవాడే గానీ, ఆ గొంతు విన్నాక అది గుర్తే రాలేదట, చూసింది చూసినట్టు అర్థం చేసుకున్నాడు. వెనక బల్ల మీద తల పట్టుకుని కూర్చున్న డైరెక్టర్ లేచి నిలబడ్డాడు. రివాల్వర్‌లో పట్టేది ఆరు గుళ్ళు. అంతకుముందు షాటులో పెత్తందారు కెమెరాకు వీపు పెట్టి మాట్లాడతాడు, పెదాలు కనిపించవు. అక్కడ “చెయ్యి జారి ఒక్క గుండు పేలింది, నేను చంపలె” అని చెప్పిస్తే చాలు. సాక్షి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ఆ రోజు తను విన్న దెబ్బలు లెక్కపెడితే సాక్ష్యం పూర్తవుతుంది. చెయ్యి జారితే ఆరు పేలవు.

పైలట్ ట్రాక్ సినిమాలో వాడకూడదన్నది మా పనిలో మొదటి పాఠం. కానీ ఆ రోజు జనరేటర్ లేదు, జనం ఊపిరి బిగబట్టి ఉన్నారు. వాడదగ్గంత శుభ్రంగా ఉంది. సంగీతం పెడదామన్నారు, నేను ఒప్పుకోలేదు. తుపాకీ మోతలు కలుపుదామన్నారు, దానికీ ఒప్పుకోలేదు. ఆరు తర్వాత వచ్చిన నిశ్శబ్దాన్ని గజ్జెతో సహా ఉన్నదున్నట్టు ఉంచాను. యాసల మీద అంత గొడవ పడ్డ సినిమాలో చివరికి సాక్షి నోట వచ్చినవి ఏ జిల్లావాడూ కాదనలేని ఆరు అంకెలు. ఆ ఉపాయం తట్టించింది తనే అయినా, మా స్నేహితుడు తన పేరు టైటిల్స్‌లో వద్దని చెప్పి వెళ్ళిపోయాడు.

పెద్దాయనకు ఫోన్‌లో చెబితే “గొంతు నాదే గద?” అని అడిగాడు. మీదే అన్నాను. “మరి మాట?” అన్నాడు. సినిమా చూడ్డానికి రమ్మన్నాను.

మహబూబాబాద్‌లో మొదటి రోజు మ్యాట్నీకి నేనూ వెళ్ళాను. డోర్నకల్ నుంచి రెండు వరసలు నిండేంత మంది వచ్చారు. పెద్దాయన ఇస్త్రీ చొక్కాతో, పక్కన భార్యతో, నా ముందు వరసలో కూర్చున్నాడు. హీరో డైలాగులు ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే వచ్చాయి, జనం అతన్ని నమ్మారు. గుర్రాన్ని ఇంకా ఎక్కువ నమ్మారు.

సాక్ష్యం వచ్చింది. “ఒకటి.” పెద్దాయన భార్య ఒక్కసారి భర్త వైపు తిరిగి, “మీ గొంతే” అంది. మూడు దగ్గర హాల్లో కొందరు ఆయనతో పాటు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆరు వచ్చేసరికి హాలంతా అంది. తెర మీద వేలు పైకి లేచింది. నేను ఉంచిన నిశ్శబ్దం మొదలైంది.

అందులో పెద్దాయన సీట్లోంచి లేచి నిలబడ్డాడు. తెర మీది తన మొహాన్ని చూస్తూ, పట్టాల మీద కేక వేసే గొంతుతో, నిదానంగా చెప్పాడు.

“గీయనే. నా కండ్లతోని చూసిన. చేతులు జోడిచ్చినోన్ని కాల్చిండు. గిన్నేండ్లు భయపడ్డ. ఇగ భయపడ. గీయనే!”

ఎవరూ నవ్వలేదు. చప్పట్లు, ఈలలు లేచాయి. తర్వాతి రెండు సీన్లు ఎవరికీ వినపడలేదు. ఆయన కూర్చుని, చొక్కా సర్దుకుని, భార్య అందించిన చేతిరుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

సినిమా ఆ వారమే వెళ్ళిపోయింది. నా ఉద్యోగంలో నేను విన్న మంచి డైలాగు అదే. దాన్ని మాత్రం నేను రికార్డు చేయలేదు.